పేరు పెట్టి

కాశీబుగ్గలో ఏడున్నర బస్సు వెళ్ళిపోయాక
జీడిపిక్కలు ఎండబోసే కళ్ళంలో
లైట్లు ఆర్పించింది కూర్మావతి.
"ఎలుగులో ఎవుడొస్తాడే మీద పడ్డానికి?"

ముప్పై ఏళ్ళు పలాస డిపోలో కండక్టరు.
సంతరోజు మందస బస్సులో
నూటపది మంది మధ్య
తన రెండు మోచేతులే తనకి తలుపులంటుంది.
ఇక్కడ పరుపుల్లేవు, తెల్లబట్టల్లేవు,
నడుముకి రంగుల పట్టీల్లేవు.
"ఏ సీరతో ఇంటికెల్తావో ఆ సీరతోనే రా.
కారేజీ సేతిలోనే ఉండాల. సెప్పులు ఇప్పకు."

ఎదురుమనిషి దండాసి.
మా ఆటో దండాసే.
ఒంటికి నాలుగు గోనెసంచులు చుట్టి, పురికొస బిగించి,
తలకి హెల్మెట్ పెడితే
దిష్టిబొమ్మకి నడకొచ్చినట్టున్నాడు.
అందరం నవ్వాం.
చీకట్లో వెనకనించి వచ్చి తవిటమ్మ జబ్బ పట్టుకున్నాక
ఎవరం నవ్వలేదు.

తవిటమ్మ ముందుగా చేసిన పని పైట సర్దుకోవడం.
"ఆగమంతావేటి ఆడ్ని? పిన్నీసెట్టుకుని వొస్తానంతావా?"
మళ్ళీ.
ఈసారి మడమ అతని పాదం మీద.
మళ్ళీ.
కారేజీ అంచు మోకాలిచిప్ప మీద. చారు ఒలికిపోయింది.
వానకి నానిన గచ్చు మీద జారి పడింది కూడా.
"మంచిదే, పడ్డం కూడా నేర్సుకో" అంది కూర్మావతి,
"నిన్ను గెలమన్లేదు నాను.
గేటుదాకా ఎలిపోమన్నాను."

నా వంతొచ్చింది.
నా చేతులు
పద్నాలుగేళ్ళుగా జీడినూనె తిన్న చేతులు.
రేషన్ మిషను నా బొటనవేలిని
మనిషిదని ఒప్పుకోదు.
పిక్క చీల్చే పట్టుకి గోనెసంచి ఒక లెక్కా?
గొంతు దగ్గరకొచ్చేసరికి,
"అరువు" అంది.
రాలేదు.
"అరవ్వే!"
"రచ్చించండి" అన్నాను,
పక్కింట్లో సోలెడు బియ్యం అరువడిగినట్టు.

"ఆ మాటకి టీవీ ముందునించి ఎవులూ లెగరు.
కొత్తోడు రాడే నీ కాడికి. నీకెరికైనోడే వొస్తాడు.
పేరు పెట్టి అరువు. ఇంటిపేరుతో అరువు.
ఆడి అమ్మకి ఇనపడాల."

దండాసి వెనకనించి వచ్చాడు.
గోనె వాసన, ముక్కిన వేరుశెనగ వాసన.
ఆ చేతుల్లో చెడు లేదని నాకు తెలుసు,
ఇద్దరు ఆడపిల్లల తండ్రి, బాకీ పడ్డ కిరాయి రాసుకోడు.
అయినా భుజం మీద బరువు పడగానే
నా నోట్లోంచి ఒక పేరొచ్చింది.
దండాసిది కాదు.

ఇంటిపేరుతో సహా వచ్చింది.
తూకం గదిలో కూర్చుంటాడే, అతనిది.
రేకుల కప్పుకి తగిలి తిరిగొచ్చి
నా చెవుల్లోనే పడింది.

దండాసి నన్ను వదిలి
హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు,
ఎవరో పోయిన ఇంటిముందు నిలబడ్డట్టు.
ఇరవైముగ్గురం ఆడాళ్ళం.
ఒక్కరూ "ఏటయిందే" అనలేదు.
కళ్ళం అవతలి మూలనించి
అదే పేరు, చిన్నగా,
నీలవేణి గొంతులో.
తర్వాత ఇంకో గొంతులో.

కూర్మావతి చాలాసేపు లైటు వెయ్యలేదు.
"సరే" అంది ఆఖరికి,
"ఈ పాలి అందరూ ఒక్కమారు."

పొద్దున్న తూకంలో
నేను ఒలిచిన పప్పు ఎనిమిది కిలోల ఆరువందలు.
నిన్నటిదాకా ఎప్పుడూ ఎనిమిదే.
అతను చీటీ రాసి బల్ల మీద పెట్టాడు,
చేతికివ్వలేదు.
తీసుకుని, చదివి,
అక్కడే నిలబడ్డాను,
పద్నాలుగేళ్ళు, రోజుకి ఆరువందల చొప్పున
లెక్కేసుకుంటూ.
నా వెనక వరసలో తవిటమ్మ దగ్గింది.
కదలమని కాదు.