ఎడమ వెనక టైరు

నాలుగూ యాభైకి కావలి డిపోలో బండెక్కేటప్పటికే
రెండుసార్లు అయిపోయుంటుంది.
ఒకసారి ఇంట్లో, కొళాయి గట్టిగా తిప్పి
అత్తకి వినపడకుండా.
ఒకసారి గ్యారేజీ గోడ వెనక, పాత బ్యాటరీల పక్కన.
నోరు పుక్కిలించి, విజిల్ మెడలో వేసుకుని,
టికెట్ల మిషన్ భుజానికి తగిలించుకుని
రైట్ అంటాను.
ఆ ఒక్క మాటకే కడుపులో ఏదో
స్టాపు కాని చోట దిగుతానంటుంది.

ఏడు వారాల నాలుగు రోజులు.
మా ఇద్దరికే తెలుసు.
పోయినేడు ముందే చెప్పుకున్నాం, వీధంతా.
తర్వాత అదే వీధిలో
గడప గడప దగ్గరా ఆగి
లేదని చెప్పుకుంటా రావాల్సొచ్చింది.
సెలవు అడగొచ్చు. ఉన్నవి పదకొండు.
వాటిని ఎనిమిదో నెలకి దాచాను,
పెళ్లిచీర మడత విప్పకుండా దాచినట్టు.

డీజిలు వాసన ఇంతకుముందు నాకు వాసనే కాదు.
తొమ్మిదేళ్లు దాన్ని గాలి అనుకునే పీల్చాను.
ఇప్పుడు అందులో పొరలున్నాయి.
అడుగున రబ్బరు, పైన ఎవరిదో తలనూనె,
మధ్యలో నిన్నటి వానకి తడిసిన సీటు స్పాంజి.
ఉదయగిరి బ్రిడ్జి దగ్గర ఎక్కే రామసుబ్బమ్మ
ఇంకా మలుపు తిరగకముందే
ముక్కు చెప్పేస్తుంది: గంపలో ఇవాళ నెత్తళ్లు.

తల తిప్పుకుని టికెట్లు కొడతాను.
కలిగిరి ఒకటి. వింజమూరు రెండు, ఒక అర.
నోటు అందుకునేటప్పుడు ఊపిరి బిగబడతాను.
రొంట్లో చెమటకి నానిన యాభై,
పొగాకు కాడతో కలిపి మడిచిన వంద.
డబ్బెవరికి చేదు అంటారు.
చేదో తీపో తెలీదు, కంపు మాత్రం ఉంటుంది.

బ్యాగులో చిల్లర పక్కన గుప్పెడు బొరుగులు.
స్టేజీకి నాలుగు గింజలు.
సీటు కింద కవర్ల కట్ట,
కడుపు తిప్పే ప్రయాణికుల కోసం ఎప్పుడూ పెట్టేదే.
మొన్న వింజమూరు దాటాక ఒక పిల్లాడు కక్కుకుంటే
నుదురు పట్టుకున్నాను.
వాడి వీపు నిమురుతూ నిమురుతూ
ఇంకో కవరు నేను తీసుకున్నాను.
వాడే ముందు తేరుకుని
"ఆంటీ, నిమ్మకాయ చీకుతావా" అన్నాడు,
తను చీకిన ముక్కే చాచి.
చీకాను.

దుత్తలూరు దాటాక ఒక కల్వర్టు,
పక్కన సర్కారు తుమ్మలు. ఎవరూ ఎక్కరు, దిగరు.
అక్కడ దస్తగిరన్న బండి ఆపుతాడు.
"ఎడమ వెనక టైరు తేడాగా ఉండాది" అని
నా వైపు చూడకుండా దిగి
జాకీ రాడ్డుతో టైరు మీద కొడతాడు.
మెత్తగా, నిదానంగా,
నేను తుమ్మల చాటు నుంచి వచ్చేదాకా కొడతానే ఉంటాడు.
తర్వాత నీళ్ల బాటిల్ మూత తీసి బానెట్ మీద పెడతాడు.
ఆయనకి ముగ్గురు ఆడపిల్లలు.
నన్ను ఒక్క మాటా అడగలేదు.
తొమ్మిది రోజులు. అదే టైరు.

పదో రోజు వెనక నుంచి ఎవరో విసుక్కున్నారు.
"రోజూ ఏందబ్బా ఈ టైరు? మార్చరా దీన్ని?"
రామసుబ్బమ్మ గంప మీద గోనె
ఇంకో మడత కప్పుతూ అంది:
"ఏం తొందర్రా నీకు.
నాలుగో నెల పడితే అదే సర్దుకుంటాది."

ఎవరూ నవ్వలేదు.
అప్పుడు చూశాను,
గంప ఎన్నాళ్ల నుంచో వెనక డోరు మూలకి జరిగింది.
అప్పుడు తట్టింది,
ఈ వారమంతా అందరూ సరిపడా చిల్లరే ఇస్తున్నారు.
భయమేసింది, మళ్లీ వీధంతా తెలిసినట్టు.
కానీ ఎవరూ నా పేరెత్తలేదు.
అన్నదంతా టైరునే.
ఒకవేళ మళ్లీ లేదని చెప్పుకోవాల్సొస్తే
అదీ టైరు మీదే పోతుంది.

సాయంత్రం డిపోలో మెకానిక్ గురవయ్య
టైరు చుట్టూ రెండుసార్లు తిరిగి, తట్టి, నొక్కి,
"బాగానే ఉంది గదమ్మా, ఏమని రాయమంటావు?" అన్నాడు.
"ఏం రాయొద్దన్నా.
ఇంకో నాలుగైదు వారాలు చూద్దాం" అన్నాను.