మూడు కాళ్ల కుందేలు

దెగ్లూరు దాటాక, లేండి ఒడ్డున
నల్లరేగడి దిబ్బలో నాలుగో గుంట.
తవ్వినవాళ్లకి రోజుకూలి.
నాకు పెంకుకి పదిహేను రూపాయలు,
ఉన్నది ఉన్నట్టు గీసిస్తే.

ఖమరున్నీసా అరిగిన పళ్లబ్రష్షుతో కడిగి
గోనెపట్టా మీద ఆరబెడుతుంది.
కుండ మూతులు, చట్టి అంచులు, మసి అంటిన అడుగులు,
నిన్న మనింట్లో పగిలినట్టే ఉంటాయి అన్నీ.
ఆ పొద్దు ఒకటి పట్టా మీద పెట్టకుండా
చేతిలోనే ఉంచుకుంది.
"ఇది ఈడిది కాదు. చూడు, ఆకుపచ్చ చెమట పట్టింది."

అరచేయంత ముక్క.
ఎర్రమట్టి ఒళ్లు. దాని మీద మీగడ మందాన తెల్లమట్టి పూత.
ఆ పూతని గీకి, చెక్కి, ఎత్తేయగా
మిగిలిన చోట ఒక చెవులపిల్లి.
అన్నిటి పైనా గాజు,
సీసా పెంకులోంచి చూసిన ఎండలా.

బొమ్మ వేయలేదు వాడు.
బొమ్మ కానిదంతా తీసేశాడు.

పటవేకర్ సార్ కళ్లద్దాలు పైకి నెట్టి
ఏడెనిమిది వందల ఏళ్లు అన్నాడు,
సముద్రం అవతలి ఆవం అన్నాడు,
ఓడ, ఎద్దుబండి, ఎవరో గుర్రాల వర్తకుడి మూట.
ప్రతిదానికీ ముందు "బహుశా" అన్నాడు.
అందుకే నమ్మాను.

కుమ్మరి పోషెట్టి ఏమీ అడగలేదు.
కళ్లు మూసుకుని బొటనవేలితో గీత వెంట నడిచాడు.
"పూత పచ్చిగున్నప్పుడే గీకిండు.
ఆరినంక గీకితే పెళ్లలు లేస్తయి.
ఇగో, ఈ వెనక కాలు కాడ తొందరపడ్డడు.
ఆకలైతున్నట్టుంది."

మా అమ్మ ధర్మాబాదులో
ఎర్రమన్ను అలికిన గోడకి సున్నం పూసి
విరిగిన దువ్వెన ముక్కతో నెమలిని గీకేది.
గోడ లోపలి ఎరుపే బయటికొచ్చి ఈకలయ్యేది.
ఎక్కడ నేర్చావే అంటే
"మాట్లాడించకు, తడి ఆరిపోతది" అనేది.
మిరపకాయల ఘాటుకి తుమ్ముతూనే
తోక పూర్తిచేసేది.

కాగితం మీద పెంకుని ఆనించి చుట్టూ గీశాను.
చెవులు రెండు.
కన్ను, పుల్లతో పొడిచిన ఒక్క చుక్క.
కాళ్లు మూడు.
నాలుగోది పగులు దాకా వచ్చి ఆగింది.

"తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంట,"
ఖమరున్నీసా బకెట్ మీదికి వంగి నవ్వింది.

లేనిది గీయకూడదు, అది రూలు.
వంపు తెలిస్తే చుక్కలు పెట్టొచ్చు, అదీ రూలే.
ఆ కాలి వంపు నాకు తెలుసు.
పెన్సిల్ మొనని కాగితానికి వెంట్రుకవాసి ఎత్తున
పట్టుకు కూచున్నాను, గుంట మీద
టార్పాలిన్ కప్పి రాళ్లు పెట్టేదాకా.

తర్వాత సంచి మీద రాశాను:
గుంట నాలుగు, పెంకు నూట పన్నెండు.
వివరం అన్న చోట
కుందేలు, మూడు కాళ్లు.
పదిహేను రూపాయలకి సంతకం పెట్టి
చేతులు కడుక్కోకుండానే బస్సెక్కాను.