తదితరులు

రేడియోలో వార్త మూడుంబావుకే వచ్చేసింది.
యార్నె పడ్డాడట.
దిగుడులో, రాళ్ళదారి తారురోడ్డులో కలిసేచోట.
కుడి కాలర్ బోన్.

డ్యూటీ దిగి నేను గోడ్‌లీవ్ కాఫీకొట్టుకి వచ్చేసరికి
ఊరంతా డాక్టర్లయిపోయి ఉంది.
"మూడు వారాలు" అంటాడు ఓడిలోన్,
ముప్పయ్యేళ్ళు రేసుగాళ్ళ పిక్కలు పిసికిన చేతుల్ని
బల్లమీద బోర్లా పెట్టి.
"మూడెందుకు, ప్లేటేస్తే పన్నెండోరోజుకి రోలరెక్కుతాడు.
కిందటేడు ఆ డచ్చివాడు ఎక్కలా?"
"ఎక్కాడు. ఎక్కి ఏం గెలిచాడు?"
బీరు నురగలో మీసం ముంచి ఒకాయన
తప్పంతా గాలిదన్నాడు. ఇంకొకాయన టైర్లదన్నాడు.
పోస్టుమాన్ ఫ్లోరిమాండ్ మాత్రం
పెళ్ళి కుదిరిన దగ్గర్నుంచీ
వాడి చూపు రోడ్డుమీద లేదన్నాడు.
పందేల పలకమీద యార్నె పేరు కొట్టేసింది గోడ్‌లీవ్.
కొట్టేసి, మనసొప్పక,
పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టింది.

అందరూ నావైపు తిరిగారు.
నాది ఎక్స్‌రే గదిలో పని అని ఈ ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు.
మార్చొస్తే మాకు కోతలకాలం.
"చెప్పకూడదు" అన్నాను.
"నోటితో వద్దులే, తలూపు చాలు" అన్నాడు ఓడిలోన్.
ఊపలేదు. సూపు తాగాను.

నిజానికి నేను యార్నెని చూడనేలేదు.
అతన్ని హెలికాప్టర్‌లో గెంట్ తీసుకుపోయారు.
మా చిన్నాసుపత్రికి వచ్చినవాడు
నూట నలభై ఏడు.
పేరుంది. చెప్పను.
అంకె ఇంకా వీపుకే వేలాడుతోంది,
ఒక పిన్నీసు ఊడి చర్మంలోకి దిగింది.
యార్నెకి నీళ్ళసీసాలు మోసేవాడు.
గాలొస్తే గోడయ్యేవాడు,
వానొస్తే వెనక్కి పోయి రెయిన్‌కోటు తెచ్చేవాడు.
యార్నె పడగానే దిగి
తన ముందు చక్రం ఊడదీస్తున్నాడట.
వంగి ఉన్నవాడి మీదుగా
వెనకొచ్చిన గుంపు పోయింది.

"ఊపిరి బిగబట్టు" అన్నాను. పట్టాడు.
"వదులు" అనడానికి ఒక్క క్షణం ఆలస్యం చేశాను.
తెరమీద అతని పాత సంగతులు చదువుతున్నాను మరి:
ఐదో పక్కటెముక మీద ముడిలాంటి అతుకు,
కాలర్ బోన్లు రెండూ, అందులో ఎడమది రెండుసార్లు,
మణికట్టులో ఎవరో తియ్యడం మర్చిపోయిన మర.
ఏ పేపరూ వెయ్యనివన్నీ
ఎముక తన సున్నంతో తనే రాసి పెట్టుకుంది.

కొత్తది తుంటి.

ఏమడుగుతాడో నాకు తెలుసనుకున్నాను.
ఎన్నాళ్ళు పడుతుందనో, మళ్ళీ తొక్కగలనా అనో.
పన్నెండేళ్ళుగా వింటున్నాను.
"యార్నె లేచాడా?" అన్నాడు.
కాసేపటికి, గొంతు తగ్గించి,
"నా కాంట్రాక్టు అక్టోబరు దాకే.
రిపోర్టులో తుంటి అని కాకుండా
ఇంకేదైనా రాస్తారా?"

రాసేది నేను కాదు.
దుప్పటి భుజాలదాకా లాగాను.
మోచేతిలోంచి రాలిన కంకర
స్టీలు ట్రేలో కాసేపు చప్పుడు చేసింది.

ఆరు గంటల వార్తలు.
గోడ్‌లీవ్ రేడియో గొంతు పెంచింది.
యార్నెకి ఆపరేషన్ అయింది, నవ్వుతున్నాడు,
బొటనవేలెత్తి ఫొటో దిగాడు.
ప్రమాదంలో గాయపడినవారిలో ఇద్దరు ఇటాలియన్లు,
ఒక డచ్చి ఆటగాడు,
తదితరులు ఉన్నారు.

కొట్టంతా ఒక్కసారి ఊపిరి వదిలింది.
గోడ్‌లీవ్ కొంగుగుడ్డతో ప్రశ్నార్థకం చెరిపేసింది.
"మూడు వారాలన్నానా లేదా" అని ఎవరో,
ఓడిలోన్ మాట తన మాటగా.

ఓడిలోన్ మాత్రం ఏమీ అనలేదు.
కుర్చీ నావైపు జరిపాడు.
"తదితరుల్లో," అన్నాడు మెల్లిగా,
"ఆ సీసాల కుర్రాడు ఉన్నాడా?"

నేను తలూపలేదు.
ఊపానేమో.
బల్లమీద బోర్లా ఉన్న చేతుల్ని
ముసలాయన వెల్లకిలా తిప్పి
వాటికేసి చూస్తూ కూచున్నాడు.