రెండు గంటలు

పక్కింటి కన్నమ్మ మంగళవారం సాయంత్రం
మా గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ
"వస్తానే" అంది.
మావాడు పైడిరాజు గేటు పట్టుకుని నిలబడ్డాడు
వీధి దీపాలు వెలిగేదాకా, అన్నం చల్లారేదాకా.
"వస్తానంది కదమ్మా, మరి వెళ్తోందేటి?"

వాళ్ళ మావ ఫిషింగ్ హార్బర్ నుంచి ఫోను,
వెనకాల ఐసు మిషను మోత.
"సరేరా, ఉంటాను మరి" అన్నాడు.
ఉండలేదు.
ఫోను చెవికి ఆనించుకుని
వీడు మాత్రం చాలాసేపు ఉన్నాడు.

నేను ఇరవై ఎనిమిదిలో కండక్టర్ని.
సింహాచలం నుంచి ఆర్కే బీచ్ దాకా
మాట అనీ, మాట పడీ బతికేదాన్ని.
ముందుకి జరగండి అంటే
"ఎక్కడికి, డ్రైవరు ఒళ్ళోకా" అంటారు.
చిల్లర ఉందా అంటే
ఉందనరు, లేదనరు, కిటికీలోంచి బయటికి చూస్తారు.
చెప్పనిది అర్థం చేసుకోవడమే నా ఉద్యోగం.
ఇంటికొస్తే
చెప్పింది మాత్రమే అర్థమయ్యే పిల్లాడు.

"కూర్చోడం రాదా నీకు?" అని అడిగారట టీచరు.
"వచ్చండి" అన్నాడట, నిలబడే.
క్లాసు గొల్లుమంది.
పొగరన్నారు. నన్ను పిలిపించారు.
యూనిఫాం మార్చకుండానే వెళ్ళాను, సంచీ భుజానే ఉంది.
"మీవాడికి నోరెక్కువండీ."
"ఒకటేనండి" అన్నాడు పక్కనించి.
నవ్వూ ఏడుపూ ఒక్కసారే తోసుకొస్తే
తలొంచుకుని
సంచీలో చిల్లర లెక్కపెట్టుకున్నాను.

ఎంవీపీ కాలనీలో ఒక మేడమీద
వింధ్య అనే అమ్మాయి మాటలు నేర్పుతుంది.
"మాటలు బోలెడున్నాయండీ వీడి దగ్గర.
ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇవ్వాలో తెలీదంతే."
ఆ ముక్క నాకు వెంటనే ఎక్కింది.
ఎంత పెద్ద నోటున్నా
పది రూపాయల టిక్కెట్టుకి పనికిరాని రోజుంటుంది.
మొహాల బొమ్మలు చూపిస్తుంది వింధ్య.
కోపం చెప్తాడు. భయం చెప్తాడు.
వెటకారం బొమ్మ పెడితే "నవ్వుతున్నాడు" అంటాడు.
అబద్ధమా?
నవ్వుతూనే ఉన్నాడు బొమ్మలోవాడు.

మొదలెట్టాడంటే ఇక
గోపాలపట్నం, ఎన్ఏడీ, మర్రిపాలెం, కంచరపాలెం,
వినేవాళ్ళ కళ్ళు గడియారం మీదికి పోయినా
తాటిచెట్లపాలెంలో ఆగడు.
అందుకని మాకొక భాష పెట్టుకున్నాం.
బస్సులో తాడు లాగితే ఒక గంట, ఆగు.
రెండు గంటలు, పోనీ.
రేపో మాపో రిటైరయ్యే డ్రైవరైనా
నిన్న చేరిన కుర్రాడైనా
దీనికి ఇంకో అర్థం వెతకడు.
ఇంట్లో తాడు లేదు, కంచం మీద గరిటె.
ఒకటి కొడితే ఆగుతాడు పైడి
గురుద్వారా దగ్గరైనా సరే, నోరు తెరిచినట్టే ఉంచి.
ఎదుటి మనిషి ఎక్కాలి కదా.

ఈ రాత్రి ఆఖరి ట్రిప్పులో ఒకాయన
అయిదు రూపాయల కోసం నన్నొక మాటన్నాడు.
బస్సంతా వింది. ఎవరికీ వినపడలేదు.
ఇంటికొచ్చి సంచీ దించకుండా గోడకి ఆనుకున్నాను.
వాడు నా మొహం చూడలేదు,
ఎప్పుడూ చూడడు.
వంటింట్లోకి వెళ్ళాడు.

కంచం మీద రెండు గంటలు.

నేను కదల్లేదు.
మళ్ళీ రెండు, కాస్త గట్టిగా.

చెప్పాను. మొత్తం చెప్పాను, ఆ మాట తప్ప.
మధ్యలో ఒక్కటే అడిగాడు,
"ఏ స్టేజీలో?"
"కంచరపాలెం."
తలూపాడు, అసలు సంగతి అదే అన్నట్టు.
ఏమో, అదేనేమో.
అప్పుడు దించాను సంచీ.

పడుకోబోతూ గేటు దాకా వెళ్ళొచ్చి
"కన్నమ్మ ఇంకా రాలేదు" అన్నాడు.
ఇవాళ శుక్రవారం.
పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేముందు
ఆవిడ తలుపు కొట్టాలి.
వస్తానన్నావు కదా,
రా, అనాలి.