మూడోవంతు కుంగాలె

కంటైనర్‌ల నుంచి దింపితె దానికి ముందట చక్రాలు లెవ్వు.
రెండు బద్దలున్నయి, పడవ ముక్కులెక్క పైకి లేసి.
ఎన్క రబ్బరు పట్టా, పొక్లెయినుకు ఉంటది సూడు, గట్ల.
బిదియాల మా షెడ్డు ముందట,
నలభైనాలుగు డిగ్రీల ఎండల,
మంచు మీద ఉరికే బండి.

సాలం అల్ హజ్రీ వేలంపాటల కొన్నడు. ఎందుకని అడగలే.
ఒంటె మెడకు ముత్యాలు కట్టేటోన్ని ఎందుకని అడుగుతమా?
"ఇసుక మీద పోవాలె మొగిలీ" అన్నడు.
ఎంత లోతు ఇసుక, అన్న.
చెయ్యి మోకాలు కాడ పెట్టి, ఆలోచించి,
తొడ కాడికి తెచ్చిండు.

మంచు నేను జూడలే.
ఫ్రిజ్జుల గీకి పారేసేది జూసిన, అది లెక్కకు రాదు.
బండితోని వచ్చిన పుస్తకంల ఒక్క పేజీకే గ్రీజు మరక.
ఎవడో సలిదేశపోడు పెన్సిలుతోని గీత గీసిండు:
లోతైన పొడిమంచు అయితె
ముందటి స్ప్రింగు వదులు, పట్టీ రెండు తూట్లు పొడుగు,
బరువు ఎన్కకు.
మా బలూచీ వెల్డరు అబ్దుర్రహీం నవ్విండు,
"బరువు ఎన్కకేస్తె గాడిదలెక్క ముందుకాళ్లు లేపుతది."

నాకు మెట్‌పల్లి రైస్‌మిల్లు ఎన్క ఊక కుప్ప యాదికొచ్చింది.
గోడ మీదికెల్లి దుంకెటోళ్లం.
కాళ్లు ముందు పెట్టినోడు నడుం దాక దిగబడెటోడు,
ఎల్లెల్కల పడ్డోడు తేలెటోడు.
హమాలీ యాదన్న మాత్రం నెత్తిన బస్తాతోని
ఆ ఊక మీదికెల్లే నడిచి పోయెటోడు,
మడిమెల మీద బరువు, వేళ్లు పైకి,
నిద్రపోయే పిల్లను దాటినట్టు.
"తొక్కకురా" అనెటోడు, "అడుగు."
అడుగంటె కాలా, నోరా, గిప్పటిదాక తెల్వలే.

కాలరు మూడు చుట్లు వదిలిన.
పట్టీ బోల్టు జరిపిన.
సాలంను ఎక్కి కూసోమని టేపు పట్టిన.
తొంభై ఆరు కిలోల మనిషికి వేలెడు కుంగింది.
సరిపోదు, అన్న. మూడోవంతు కుంగాలె.
"పైసలు పెట్టి కొన్నది కుంగుడేంది?"

ముందుగాల కుంగనిది
గుంతొస్తె ఎక్కడికి పోతది సేట్?
మనిషి ఎక్కంగనే కొంత ఒప్పుకోవాలె,
తతిమ్మా దారి కోసం దాసుకోవాలె.
కుంగినంత జల్ది లేవద్దు గూడ.
మనిషిని ఎగరేసేది గుంత గాదు,
కోపంతోని తిరిగొచ్చే స్ప్రింగు.

గిదంత అరబ్బీల జెప్పరాలే.
అతని భుజం మీద చెయ్యేసి మెల్లగ నొక్కిన,
ఇంకా మెల్లగ వదిలిన.
అతను ఏమర్థం చేసుకున్నడో గని
టోపీ తీసి, మళ్ల పెట్టుకున్నడు.

ఇంగొక గోస ఉన్నది. పట్టా లోపటి ప్లాస్టిక్ బద్దలు
మంచు నీళ్లతోనే తడుస్తయట, ఇంజన్ గూడ దానితోనే సల్లబడ్తదట.
ఇసుక ఎవని గొంతు తడిపింది?
అబ్దుర్రహీం ఇరవై లీటర్ల క్యానుకు
పాత కూలరు పైపు అతికిండు. సుక్క సుక్క పడుతది.

తెల్లారగట్ల నాలుగున్నర. రాత్రంత ఆరి ఇసుక సల్లగున్నది.
మొదటిసారి ముక్కు పెట్టి పూడుకుపోయింది.
పారతోని తోడినం, ఇంగొక చుట్టు వదిలిన,
ఎన్కకు కూసో అని, యాదన్న నడక నడిచి సూపెట్టిన.
రెండోసారి బద్దలు పైకొచ్చినయి.
పోయింది.
రెండు దిక్కుల ఇసుక ఊకలెక్క లేసి, సప్పుడు లేకుంట పడ్డది,
ఇంజను మోత గూడ దూరంల మెత్తబడ్డది.
ఆరు నిమిషాలు. నేను గడియారం జూసిన.

తర్వాత కాలిన ప్లాస్టిక్ వాసన.

గుట్ట నెత్తిన కూసున్నడు సాలం, బండి పక్కన, మొకం నిండ ఇసుక.
"మంచు గిట్లనే ఉంటదా మొగిలీ?"
నాకేం తెల్సు. నువ్వు జూడలేవా?
లే, అన్నడు.
ఖాళీ క్యాను పట్టుకొని ఎక్కొస్తున్న అబ్దుర్రహీం,
క్వెట్టా దిక్కు పుట్టినోడు, గిన్నొద్దులు ఒక్క ముచ్చట జెప్పనోడు,
ఆగి, దమ్ము తీసుకొని,
"తడిగుంటది" అన్నడు.
గంతే.