ఏడు టన్నులు దాటరాదు

ఎనిమిదింటికి తాళం తీస్తాను.
అప్పటికే ఫోను గొంతు చించుకుంటూ ఉంటుంది.
మార్చి నెలైనా విస్కాన్సిన్ చలి
కిటికీ అద్దానికి లోపలివైపు కూడా పట్టింది.
కోటు విప్పకుండానే కాగితం మధ్యన నిలువు గీత:
ఎడమన మా నియోజకవర్గం,
కుడిన మిగతా లోకం.
(ఎడమకూ కుడికీ ఈ దేశంలో వేరే అర్థాలున్నాయి.
నాది ఉట్టి కాగితం.)

మొదటి ఫోను అరిజోనా.
"ఆ ద్రోహికి చెప్పు" అంటాడు.
మీ పేరూ ఊరూ చెప్పండి, రాసుకుంటాను.
"దేశమంతా నా ఊరే."
కుడిన ఒక గీత.
రెండోది ఫ్లోరిడా, ఆమెకు ఆయన పిరికిపంద.
మూడో గొంతు, నాలుగో గొంతు, పదిహేనో గొంతు
ఒకే వాక్యం, ఊపిరి తీసుకునే చోటుతో సహా.
రాత్రి ఎవరో తెరమీద పెట్టిన పాఠం
పొద్దున్నే నాకు అప్పజెబుతున్నారు.

ఇంతకీ లిండ్‌క్విస్ట్ గారు చేసిందేమిటి?
వంతెనల బిల్లుకు అవతలి పార్టీతో కలిసి చెయ్యెత్తారు.
తుపాకీ కొనేవాడు మూడు రోజులు ఆగాలన్నారు,
ముప్పై కాదు, సున్నా కాదు, మూడు.
పాలేర్లకు వీసాలివ్వాలన్నారు,
పౌరసత్వం మాట రాగానే దగ్గారు.
కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.
రెంటికీ మా ఆఫీసు నెంబరు తెలుసు.

పదిన్నరకు ఆర్విడ్ తోర్సన్ వచ్చాడు, పేడ బూట్లతో.
గుమ్మంలో ఆగి, చాప చూసి, బూట్లు విప్పి, మేజోళ్ళతో లోపలికి.
"సోల్వే, మింక్ వాగు వంతెన మీద
ఏడు టన్నులు దాటరాదని బోర్డు పెట్టి మూడేళ్ళయింది.
పాల లారీ పంతొమ్మిది మైళ్ళు చుట్టూ తిరుగుతోంది.
ఆ డీజిలు నా పాలలోంచే కోస్తున్నారు.
బిల్లు పాసయిందన్నారు. ఇనుమేదీ?"
విడతలుగా వస్తుందన్నాను.
గోడమీది ఫొటోను చాలాసేపు చూశాడు.
"ఈయన ఆ వంతెనను చైనావాళ్ళకు అమ్మేశాడని
మనవరాలు ఫోనులో చూపించింది. అబద్ధమేనా?"
అబద్ధమే.
"సరే" అన్నాడు.
ఆ సరేలో అడుగున కాస్త మిగిలింది.
ఎడమన ఒక గీత.

మధ్యాహ్నం పా న్యా వాంగ్.
చంకలో చిన్న ఐసు పెట్టె, మొగుడి ఇన్సులిన్ దానిలో.
"ధర తగ్గించే ఓటు రోజున
మీ సారు చెయ్యెందుకు లేవలేదు? భుజం నొప్పా?"
జవాబు నా దగ్గర అచ్చువేసి ఉంది,
నేనే టైపు చేశాను:
సమస్యను అన్ని కోణాల నుంచీ పరిశీలిస్తూ...
చదవబోయి ఆగాను.
"మధ్యలో నిలబడ్డవాడికి
సూది సగమే గుచ్చుకుంటుందా అమ్మాయ్?"
ఆమె అరవలేదు.
అరిచి ఉంటే ఎక్కడ రాసుకోవాలో నాకు తెలిసేది.

సాయంత్రం వాషింగ్టన్ నుంచి ఆయనే చేశారు.
అలిసిన గొంతు, వెనక లిఫ్టు గంట.
ఎడమన పదకొండు, కుడిన మూడువందల నలభై రెండు.
"ఆ మూడువందల్లో తిట్టినవాళ్ళెంతమంది?" అని అడిగారు.
పదకొండు గురించి
అడుగుతారేమోనని కాసేపు పట్టుకునే ఉన్నాను.
లైను కట్టయింది.

దగ్గరి దారని వాగు మీదుగా ఇంటికి బయల్దేరాను.
నా కారు బరువు టన్నున్నర.
అయినా బోర్డు చూడగానే కాలు
తనంత తానే పెడలు మీంచి లేస్తుంది.
కింద చెక్కలు కిర్రుమంటాయి, ఒక్కో చెక్కది ఒక్కో శ్రుతి.
ఆ మూడువందల నలభై రెండు మందీ
ఈ చప్పుడు ఎప్పుడూ విని ఉండరు.
పదకొండు మందీ విన్నారు.
విన్నంతమాత్రాన ఆగస్టులో ఈయనకే ఓటేస్తారని కాదు.
నేను వేస్తానో లేదో, జీతం సంగతి పక్కన పెడితే,
నాకే తెలీదు.

అవతలి గట్టున ఆర్విడ్ కొట్టంలో దీపం.
పాల లారీ ఇంకా రాలేదు.