బుట్ట

శుబ్రా వీధిలో నాలుగో అంతస్తు మాది.
బాల్కనీ కమ్మీకి తాడు, తాడుకి ఖర్జూరపాకుల బుట్ట.
రొట్టెలు కావాలంటే డబ్బులు వేసి దించుతాం.
కింద కొట్టు షాకిర్ రెండుసార్లు తాడు గుంజితే
నీళ్లు చేదినట్టు పైకి చేదుకుంటాం.

ఈ ఏడు దమ్యానాకి ఆఖరి పరీక్షలు.
టీవీకి దుప్పటి కప్పాం.
మార్సెల్ గ్లాసులు కూడా చప్పుడు కాకుండా కడుగుతుంది.
బీషోయ్ బంతిని సంచిలో కట్టి అటకెక్కించాం,
వాడు రోజూ కుర్చీ ఎక్కి
దాన్నొకసారి పలకరించి దిగుతాడు.

నీళ్ల కంపెనీలో బిల్లుల గుమాస్తాని నేను.
చుక్క ఒక అంకె పక్కకి జరిగితే ఏమవుతుందో ఎరిగినవాణ్ణి.
అరశాతం తగ్గితే వైద్యం లేదు,
ఇంకో అర తగ్గితే పళ్ల వైద్యమూ లేదు.
అందుకే పెళ్లినాటి ఫియట్ అమ్మేశాను.
ఫిజిక్సు మాస్టారికి ఒక కవరు, కెమిస్ట్రీకి ఒకటి,
వ్యాకరణానికి పల్చటిది.

చదవమని ఎవరం అరవలేదు, ఒట్టు.
అరిచుంటే ఎదురు తిరగడానికైనా ఉండేది పిల్లకి.
మేం మెత్తగా ఉన్నాం.
ఇరవైనాలుగు గంటలూ, మెత్తగా.

మొన్న రాత్రి రెండింటికి దాహమై లేచాను.
బాల్కనీలో దమ్యానా.
ఖాళీ బుట్టని కిందికి దించుతోంది,
పైకి చేదుతోంది, మళ్లీ దించుతోంది.
కొట్టు మూసుంది. వీధిలో కుక్కొకటి
తలెత్తి బుట్టకేసే చూస్తోంది, ఆశగా.

"ఏంటమ్మా ఇది?"
"ఏం లేదు నాన్నా.
బరువు లేనిదేదైనా ఒకటి లాగాలనిపించింది."

అప్పుడు తండ్రన్నవాడు ఏమనాలి?
నా నోట్లోంచి వచ్చింది ఇది:
"ఏడో పాఠం అయిందా?"

కాలు జారితే తీసుకోవచ్చంటారు.
నాది నోరు.

"అయింది" అంది. తాడు వదల్లేదు.

లిఫ్టు పాడై మూడేళ్లు. మెట్లు దిగాను.
వీధిలో నిలబడి గలాబియా జేబు తడుముకున్నాను.
తెల్లారితే మర్చిపోతానని రాత్రే పెట్టుకున్న
ఫిజిక్సు కవరు తగిలింది.
అది వెయ్యలేదు.
ఎడమకాలి చెప్పు విప్పి బుట్టలో పెట్టి
తాడు రెండుసార్లు గుంజాను,
అచ్చం షాకిర్‌లాగే.

బుట్ట ఊగుతూ పైకెళ్లింది.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత ఒక నవ్వు,
తుమ్ము ఆపుకోబోయి ఓడిపోయినట్టు, ముక్కుతో.
ఆ చప్పుడు విని పదకొండు నెలలు.

మూడో అంతస్తు కిటికీ వెలిగింది.
"పరీక్షల పిల్లలున్న ఇళ్లు,
గొడవ చెయ్యకండి!" అని కేకేశారెవరో.

ఒంటి చెప్పుతో మెట్లెక్కాను.
ఆరున్నరకి నేనే లేపాను పిల్లని, ఫిజిక్సుకి.
కవరు చేతిలో పెట్టాను.

చెప్పు ఇంకా తన బల్ల మీదే ఉంది.
అడిగితే, "కిందికెళ్లి నిలబడు,
దించుతాను" అంటుంది.